ఏడవ నిజాము : రాయబారులు, తంతివార్తలు

భద్రాచలము వద్ద గోదావరి ఒకప్పుడు రెండు రాజ్యములకు సరిహద్దుగా నుండెను. 1965లో కట్టిన వంతెన మీదుగా నిమిషములలో నదిని దాటు నేటి యాత్రికునకు ఈ సంగతి తోచదు. ఎగువ గోదావరిలో ఓడలు నడుపు సంకల్పముతో ఇంగ్లీషువారు 1860లో నిజాముతో ఒడంబడిక చేసికొని, నది యెడమగట్టు సీమను తమ వశము చేసికొనిరి. దుమ్ముగూడెము వద్ద కట్టిన ఆనకట్ట ఆ సంకల్పమునకు గుర్తుగా నేటికిని నిలిచియున్నది. భద్రాచలము మొదట మధ్యపరగణాలలోని ఎగువ గోదావరి జిల్లాలో చేరి, 1874లో మదరాసు రాజధానిలోని గోదావరి జిల్లాకు మాఱెను. కుడిగట్టున బూర్గంపాడు, పాల్వంచ సీమలు మాత్రము నిజాము రాజ్యముననే యుండిపోయెను.

సరిహద్దు మాఱినను ఒక మర్యాద మాత్రము మాఱలేదు. గోలకొండ ప్రభువు తానీషా కాలమున కంచెర్ల గోపన్న పాల్వంచ తాహసీలుదారుగా నుండి భద్రాద్రిపై కోవెల కట్టించుటయు, సర్కారు సొమ్ము వాడినందులకు గోలకొండలో చెఱసాల పాలగుటయు పాఠకులెల్లరు ఎఱిగినదే. అటుపిమ్మట తానీషా యే సీతారామ కల్యాణమునకు ముత్యాల తలంబ్రములు పంపు ఆచారమును నెలకొల్పెనని ప్రతీతి. తరువాత వచ్చిన అసఫ్‌జాహీ ప్రభువులు దానిని నిలిపిరి. 1860 పిమ్మట కోవెల పరుల యేలుబడిలోనికి పోయినను, నిజాము ప్రభుత్వము నుండి దానికి వర్షాశనము ముట్టుచునే యుండెను. అనగా ఒక మహమ్మదీయ ప్రభువు తన రాజ్యమునకు వెలుపలనున్న హిందూ దేవాలయమునకు ఏటేటా కానుక పంపుచుండెను. అది ఎవరు పంపినది, ఎవరి యాజ్ఞ మీద వచ్చినది యని ఏ ధర్మకర్తయు, ఏ అర్చకుడును ప్రశ్నింపలేదు.

ఆ వంశమున కడపటి పాలకుడు మీర్ ఉస్మాన్ అలీఖాన్. గోదావరి కావలికి పంపిన మాట చెల్లినట్లు, సముద్రముల కావలికి పంపిన మాట ఆయనకు చెల్లలేదు. 1948 సెప్టెంబరులో ఆయన పేర పారిసు నగరమున ఒక మాటయు, హైదరాబాదున వేఱొక మాటయు వినవచ్చెను. ఏది నిజముగా నిజాము మాటయో తేల్చుట భద్రతా మండలికిని సాధ్యపడలేదు. అదే సమయమున ఆయన పేరుతో లండను బ్యాంకులోనుండి కదలిన సొమ్మును గుఱించిన వ్యాజ్యము 2019 వఱకు సాగెను. ధనవంతుడనియు పిసినారియనియు ఈయనను గుఱించి చెప్పుకొను కథలకు కొదువ లేదు. రాయబారుల చరిత్రగా, తంతివార్తల చరిత్రగా ఆయన జీవితమును చూచినవారు తక్కువ.

ఉస్మాన్ అలీఖాన్ 1886 ఏప్రిల్ 6వ తేదీన హైదరాబాదులోని పురానీ హవేలీలో జన్మించెను. తండ్రి ఆఱవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్. ఉర్దూ, పారసీ, అరబ్బీ, ఇంగ్లీషు భాషలను అభ్యసించి, ఉర్దూ పారసీలలో కవిత్వము చెప్పెను. తండ్రి మరణించిన పిమ్మట 1911 ఆగస్టు 29వ తేదీన, ఇరువదియైదేండ్ల వయసున, గద్దె నెక్కెను. ఆ రాజ్యము విస్తీర్ణము సుమారు 82,700 చదరపు మైళ్లు. 1941 జనాభా లెక్కల నాటికి ప్రజలు కోటి అఱువది లక్షలకు పైబడిరి. వారిలో దాదాపు సగము మంది తెలుగువారు. మిగిలినవారు మరాఠీ, కన్నడ, ఉర్దూ భాషలు మాటలాడువారు.

పాలనా భారమును స్వయముగా మోయవలెనను పట్టుదల ఆయనకు మొదటినుండియు కలదు. మూడవ సాలారు జంగు దివానుగిరి నుండి తొలగిన పిమ్మట, 1914 మొదలు 1919 వఱకు దివానును నియమింపక తానే పాలించెను. 1919లో కార్యనిర్వాహక మండలిని ఏర్పఱచెను. 1908 నాటి మూసీ వఱద రాజధానిని ముంచివేసిన పిమ్మట తలపెట్టిన జలాశయములు ఆయన కాలముననే పూర్తియయ్యెను. ఉస్మాన్‌సాగరము 1920లోను, హిమాయత్‌సాగరము 1927లోను నిండెను. 1918లో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయమున ఉన్నతవిద్యను ఉర్దూ ద్వారా గఱపుట ఆనాడు సాహసమైన ప్రయోగము. అయితే తెలుగు బిడ్డలకు తమ మాతృభాషలో చదువుకొను వసతి కొఱవడుటయు నిజమే. గ్రంథాలయోద్యమమును, ఆంధ్ర మహాసభయు ఆ కొఱతలోనుండియే బలము పుంజుకొనెను.

మొదటి ప్రపంచయుద్ధమున నిజాము ఇంగ్లీషువారికి ధనమిచ్చి, సైన్యమిచ్చి తోడ్పడెను. అందులకు ప్రతిఫలముగా 1918లో ఇతర సంస్థానాధిపతులకు లేని హిజ్ ఎగ్జాల్టెడ్ హైనెస్ అను బిరుదము ఆయనకు లభించెను. బ్రిటిషు ప్రభుత్వమునకు విశ్వాసపాత్రుడైన మిత్రుడను పేరును దాని వెంట వచ్చెను. మిత్రుడన్న మాటను నిజాము అక్షరాల నమ్మెను. మిత్రులనగా సమానులు గదా యని ఆయన యభిప్రాయము. ఇంగ్లీషువారి లెక్కలో ఆ మాటకు అంత అర్థము లేదు.

ఈ భేదము బీరారు విషయమున బయటపడెను. 1853లో సైన్యపు ఖర్చుల క్రింద ఇంగ్లీషువారి స్వాధీనమైన బీరారు సీమను, 1902లో మహబూబ్ అలీఖాన్ శాశ్వతముగా కౌలుకిచ్చెను. దానిని తిరిగి యిమ్మని ఉస్మాన్ అలీఖాన్ 1923లో రాజప్రతినిధి రీడింగు ప్రభువునకు వ్రాసెను. ప్రత్యుత్తరము ప్రతికూలముగా వచ్చెను. 1925లో ఆయన మరల వ్రాయుచు, విదేశ వ్యవహారములు తప్ప తక్కిన సమస్త విషయములలోను తాను బ్రిటిషు ప్రభుత్వముతో సమానుడనని వాదించెను. 1926 మార్చి 27వ తేదీన రీడింగు ఇచ్చిన జవాబు ఆ వాదమును నిర్మొగమాటముగా త్రోసిపుచ్చెను. బ్రిటిషు సార్వభౌమాధికారము ఒడంబడికలపై మాత్రమే ఆధారపడినది కాదనియు, ఏ సంస్థానాధిపతియు దానితో సమానముగా వాదమాడజాలడనియు దాని తాత్పర్యము. తక్కిన సంస్థానాధిపతులెల్లరు ఉలికిపడిన జాబు అది. 1936 నాటి ఒప్పందములో బీరారుపై నిజాము సార్వభౌమత్వమును పేరునకు అంగీకరించి, యువరాజునకు బీరారు యువరాజను బిరుద మొసగిరి. పాలన మాత్రము తమ చేతిలోనే ఉంచుకొనిరి.

ఇక్కడ ఒక విషయమును గమనింపవలెను. బీరారును గుఱించిన అభ్యర్థన కాని, జన్మదిన శుభాకాంక్ష కాని, నిజాము మాట దేని నిమిత్తమైనను రాజ్యము దాటి అధికారికముగా పోవలెనన్నచో రెసిడెంటు ద్వారానే పోవలెను. కోఠీలోని రెసిడెన్సీ భవనము హైదరాబాదునకు వాకిలి, తలుపు, గడియ సర్వమును. లండనులో నిజామునకు రాయబారి లేడు. ఇరుగు పొరుగు సంస్థానములతో నైనను స్వతంత్రముగా రాజకీయ సంబంధము నెఱపుటకు వీలు లేదు.

లోపలి సాధనములకు మాత్రము కొదువ లేదు. హైదరాబాదునకు సొంత నాణెము ఉండెను. 1869 నుండియే సొంత తపాలాబిళ్లలు ఉండెను. రైలుమార్గమును 1930లో కంపెనీ వద్దనుండి ప్రభుత్వము కొనెను. రేడియో కేంద్రమును 1935లో స్వాధీనము చేసికొనెను. రెండవ యుద్ధము ముగియునప్పటికి దక్కన్ ఎయిర్‌వేసు అను విమాన సంస్థయు వెలసెను. ఇన్ని కలిగిన రాజ్యము ఒక చిన్న ఐరోపా దేశమునకు తీసిపోదని పలువురు తలంచిరి. కాని విదేశములకు పోవు తంతి అట్టిది కాదు. 1927లో పూనా ప్రాంతమున నెలకొన్న నిస్తంతి కేంద్రములు భారతదేశమును ఇంగ్లండుతో కలిపెను. సముద్రగర్భపు తీగెలు అంతకు ముందే బొంబాయి నుండి పశ్చిమమునకు పోవుచుండెను. ఆ రెంటిని కలిపి నడపిన కంపెనీని 1947 జనవరి 1వ తేదీన భారత ప్రభుత్వము తన స్వాధీనము చేసికొని, విదేశ వార్తాసౌకర్యముల శాఖగా మార్చెను. అందుచే హైదరాబాదున పుట్టిన మాట లండనునకు పోవలెనన్న సాధారణమైన దారి భారత ప్రభుత్వపు తంతి కచేరీలగుండానే యుండెను.

రాయబార కార్యమునకు తంతి యెంత ముఖ్యమో కొంచెము ఆలోచించిన తెలియును. దూరదేశమున నున్న రాయబారి తన ప్రభువునకు కన్ను, చెవి, నోరు. ప్రభువు మనసు మాఱినచో ఆ సంగతి రాయబారికి వెంటనే తెలియవలెను. తెలియనిచో ఆతడు నిన్నటి మాటనే నేడును పలుకుచుండును. కావుననే స్వతంత్ర దేశములు తమ రాయబార కార్యాలయములను సొంత సంకేతలిపితో, వీలైనచోట సొంత నిస్తంతితో కలుపుకొనును. సంకేతలిపి రహస్యమును కాపాడుటకు మాత్రమే కాదు. ఆ సంకేతగ్రంథము ఇరువురి చేతులలో మాత్రమే ఉండుటచే, వచ్చిన మాట నిజముగా ప్రభువుదే యని నమ్ముటకును అది ఆధారమగును. తంతివార్తలో దస్తూరి కనబడదు, కంఠస్వరము వినబడదు. తీగె యెవరి చేతిలో నున్నదను ప్రశ్న అందువలననే అంత బరువైనది.

1947లో సార్వభౌమత్వము ముగియనున్నదని తెలిసినంతనే, భారతదేశమున గాని పాకిస్తానున గాని చేరబోనని నిజాము జూన్ నెలలో ఫర్మానా వెలువరించెను. ఇంగ్లండు నుండి వచ్చిన న్యాయవాది సర్ వాల్టరు మాంక్టను ఆయనకు రాజ్యాంగ సలహాదారు. ఛతారీ నవాబు ప్రధానిగా ఢిల్లీతో సాగించిన సంప్రదింపులు ఒక కొలిక్కి వచ్చు తరుణమున, అక్టోబరు 27వ తేదీ తెల్లవాఱుజామున ఇత్తెహాదుల్ ముసల్మీన్ అనుయాయులు ఆ రాయబార వర్గము వారి యిండ్లను ముట్టడించిరి. ఛతారీ పదవిని వదలుకొనెను. తుదకు నవంబరు 29వ తేదీన యథాతథపు టొడంబడిక జరిగెను. ఆ వెంటనే ప్రభుత్వ పగ్గములు మీర్ లాయఖ్ అలీ చేతికి వచ్చెను. వెలుపల వీథులలో రజాకారుల నాయకుడు కాసిం రజ్వీ మాట పెరిగెను.

ఆ యొడంబడిక ప్రకారము విదేశ వ్యవహారములు, రక్షణ, రాకపోకల వార్తాసౌకర్యములు మునుపు బ్రిటిషువారితో నున్న రీతినే భారత ప్రభుత్వముతో సాగవలెను. ఇరుపక్షముల ప్రతినిధులు ఏజెంటు జనరలు అను పేర ఢిల్లీలోను, హైదరాబాదులోను ఉండవలెను. ఢిల్లీలో జైన్‌యార్ జంగు నిజాము ప్రతినిధి. 1948 జనవరిలో కన్నయలాల్ మాణిక్యలాల్ మున్షీ భారత ప్రభుత్వపు ఏజెంటు జనరలుగా వచ్చెను. ఆయనకు కోఠీ రెసిడెన్సీలో బస ఇచ్చుటకు నిజాము సమ్మతింపలేదు. పాత యజమాని వాకిట క్రొత్త యజమానిని నిలుపుటకు ఆయనకు మనసొప్పకుండెను కాబోలు. మున్షీ బొల్లారములో సైనికశాఖకు చెందిన భవనమున దిగెను.

ఢిల్లీతో నాగక, హైదరాబాదు తన మనుష్యులను దేశాంతరములందును నిలిపెను. లండనులో మీర్ నవాజ్ జంగును, కరాచీలో ముస్తాఖ్ అహమ్మద్‌ఖానును ఏజెంటు జనరలులుగా నుండిరి. కరాచీలో ప్రతినిధిని నిలుపుటయు, ఇరువది కోట్ల రూపాయల విలువగల భారత ప్రభుత్వపు పత్రములను పాకిస్తానునకు అప్పుగా నిచ్చుటయు యథాతథపు టొడంబడికకు విరుద్ధమని ఢిల్లీ ఆక్షేపించెను. సరకుల రాకపోకలను, విమానములను భారత ప్రభుత్వము అడ్డగించుచున్నదని హైదరాబాదు మొఱపెట్టెను. సిడ్నీ కాటన్ అను ఆస్ట్రేలియా విమానచోదకుడు కరాచీ నుండి రాత్రివేళల ఆయుధములు చేరవేయసాగెను. ఆ విధముగా మాటకును, మనిషికిని, తుపాకికిని ఒక్కటే దొడ్డిదారి యేర్పడెను: కరాచీ.

ఇదంతయు రాజధానిలోని కథ. సరిహద్దు గ్రామముల కథ వేఱు. ఒకవైపు కమ్యూనిస్టుల సాయుధపోరాటము, మఱొకవైపు రజాకారుల దాడులు, పోలీసుల దౌర్జన్యము. వీని నడుమ నలిగిన రైతు కుటుంబములు మూటాముల్లె సర్దుకొని మదరాసు రాజధాని సీమలోనికి వలసపోయెను. బెజవాడ మొదలు సరిహద్దు పొడవునను స్టేటు కాంగ్రెసు శిబిరములు వెలసెను. ఖమ్మము, మధిర, పాల్వంచ తాలూకాల ప్రజలకు సరిహద్దు అప్పుడు పటములోని గీత కాదు. దాటినచో ప్రాణము నిలుచును, దాటనిచో నమ్మకము లేదు. వారి బాధను లండనునకు గాని న్యూయార్కునకు గాని తంతి ద్వారా తెలుపు ఏజెంటు జనరలు వారికెవరును లేరు.

1948 ఆగస్టు 21వ తేదీన హైదరాబాదు విదేశాంగ శాఖ భారతదేశముపై ఐక్యరాజ్య సమితికి తంతి ద్వారా ఫిర్యాదు చేసెను. సమితిలో సభ్యత్వము లేని రాజ్యమును తన తగవును భద్రతా మండలి దృష్టికి తేవచ్చునను నిబంధనను అది ఆధారముగా గైకొనెను. హైదరాబాదు స్వతంత్ర రాజ్యము కానే కాదనియు, ఇది యింటిలోని వ్యవహారమనియు భారత ప్రభుత్వము వాదించెను. ఆర్థికమంత్రియు, విదేశ వ్యవహారములను చూచువాడునైన మొయిన్ నవాజ్ జంగు నాయకత్వమున హైదరాబాదు ప్రతినిధివర్గము పారిసునకు పోయెను. అప్పుడు సమితి సమావేశములు అచ్చట జరుగుచుండెను.

సెప్టెంబరు 11వ తేదీన జిన్నా మరణించెను. 13వ తేదీన భారతసైన్యము సరిహద్దు దాటెను. ముఖ్యసేన షోలాపురము నుండి మేజర్ జనరల్ జయంతనాథ చౌధురి నాయకత్వమున కదలెను. తూర్పుసేన బెజవాడ నుండి మేజర్ జనరల్ రుద్ర నాయకత్వమున కోదాడ, సూర్యాపేటల మీదుగా సాగెను. 16వ తేదీన భద్రతా మండలి పారిసులో సమావేశమై ఫిర్యాదును చర్చకు చేర్చుకొనెను. అనుకూలముగా ఎనిమిది వోట్లు వచ్చెను, ప్రతికూలముగా ఒక్కటియు రాలేదు. సోవియట్ రష్యా, ఉక్రెయిను, చైనా ప్రతినిధులు తటస్థముగా నుండిరి. మొయిన్ నవాజ్ జంగు తన ప్రభువు పక్షమున యుద్ధ విరమణను కోరెను. భారతదేశము పక్షమున ఆర్కాటు రామస్వామి మొదలియారు ప్రత్యుత్తరమిచ్చెను.

మఱునాడే హైదరాబాదున సర్వమును తలక్రిందులయ్యెను. 17వ తేదీన లాయఖ్ అలీ మంత్రివర్గము రాజీనామా చేసెను. నిజాము మున్షీని పిలిపించి మాటలాడి, ఆ సాయంకాలము దక్కన్ రేడియోలో ప్రసంగించెను. యుద్ధము ఆగినదనియు, ఐక్యరాజ్య సమితిలోని ఫిర్యాదును ఉపసంహరింపనున్నాననియు ఆ ప్రసంగ సారాంశము. దానిని సిద్ధపఱచుటలో మున్షీ హస్తము కలదు. 18వ తేదీన హైదరాబాదు సైన్యాధిపతి ఎల్ ఎద్రూసు లొంగుబాటును తెలిపెను. పోరాటము అయిదు దినములలో ముగిసెను గాని అనర్థము ముగియలేదు. అంతకుముందు రజాకారుల చేత హిందువులు బాధపడిరి. ఆ పిమ్మట మరాఠ్వాడాలోను, ఇతర జిల్లాలలోను ముస్లిములు పెద్దసంఖ్యలో హతులైరి. భారత ప్రభుత్వము పంపిన పండిత సుందర్‌లాల్ వర్గము ఆ రెండవ విషాదమును విచారించి నివేదిక వ్రాసెను. అది ఎన్నో దశాబ్దములు వెలుగు చూడలేదు.

నిజాము మనసు మాఱెను. పారిసులోని ప్రతినిధి మాట మాత్రము మాఱలేదు. సెప్టెంబరు 22వ తేదీన నిజాము పేర ఐక్యరాజ్య సమితికి తంతివార్త పోయెను. ఫిర్యాదును ఉపసంహరించితిననియు, ప్రతినిధివర్గమునకు ఇక తన పక్షమున మాటలాడు అధికారము లేదనియు దాని తాత్పర్యము. మఱునాడు ఆయన రేడియోలో మరల మాటలాడి, లాయఖ్ అలీ మంత్రివర్గమే తన చేతులను కట్టివేసి రాజ్యమును ఈ దుస్థితికి తెచ్చినదని చెప్పెను. మొయిన్ నవాజ్ జంగు పక్షమువారు దీనికి అడ్డుచెప్పిరి: ప్రభువు చుట్టును పరసైన్యమున్నది, అట్టి స్థితిలో వచ్చిన తంతి స్వేచ్ఛగా పంపినదెట్లగును? 28వ తేదీ సమావేశమున మండలి సభ్యులలో కొందఱు ఇట్టి సంశయమునే వెలిబుచ్చిరి.

న్యాయముగా ఆలోచించినచో ఇరువురి వాదమునను కొంత బలము కలదు. 22వ తేదీ నాటి తంతి భారతసైన్యపు నీడలో పోయినది నిజమే. కాని ఆగస్టు 21వ తేదీ నాటి తంతి ఎవరి నీడలో పోయినది? అప్పుడు రాజధాని వీథులలో రజాకారులుండిరి. అంతకు పది నెలల ముందు ప్రధాని యింటినే ముట్టడించినవారు ఆ సంస్థవారే. మొదటి మాట ఒక బలగపు నడుమ పలికినది, రెండవ మాట వేఱొక బలగపు నడుమ పలికినది. రెంటి నడుమ ఉస్మాన్ అలీఖాన్ యొక్క స్వంత ఇచ్ఛ ఎంతయో తంతికాగితమును చూచి చెప్పగలవారు లేరు. ముప్పదియేడేండ్లు ఎవరికిని అధికారము పంచక పాలించిన ప్రభువునకు ఇంతకంటె కఠినమైన ఫలము లేదు. తన మాట తనదేయని సాక్ష్యమిచ్చుటకు ప్రజలెన్నుకొన్న సభ యొక్కటి యున్నచో ఆ సంశయమునకు తావుండెడిది కాదు. ఆ సభను ఆయన కాలమున నిజమైన అధికారముతో నెలకొల్పనే లేదు.

భద్రతా మండలి 1949 మే నెలలో రెండు దినములు ఈ విషయమును మరల విని, ఏ తీర్మానమును చేయక విడిచెను. హైదరాబాదు ప్రశ్న ఆ మండలి పట్టికలలో పేరునకు మాత్రము చిరకాలము నిలిచెను.

లండను కథ మఱింత చిత్రమైనది. అచ్చటి వెస్టుమినిస్టరు బ్యాంకులో హైదరాబాదు ప్రభుత్వపు సొమ్ము ఉండెను. సెప్టెంబరు 20వ తేదీన, అనగా లొంగుబాటు ముగిసిన రెండు దినములకు, మొయిన్ నవాజ్ జంగు ఆదేశము మీద 10,07,940 పౌనుల 9 షిల్లింగులు పాకిస్తాను హైకమిషనరు హబీబ్ ఇబ్రహీం రహీంతూలా పేరునకు మాఱెను. సంగతి తెలిసి నిజాము 27వ తేదీన బ్యాంకునకు వర్తమానము పంపెను: తన యనుమతి లేకయే సొమ్ము మాఱినదనియు, తిరిగి తన లెక్కకు చేర్పవలెననియు కోరెను. బ్యాంకు దిక్కుతోచక సొమ్మును ఎవరికిని ఈయక నిలిపివేసెను. నిజాము లండను న్యాయస్థానమున దావా వేసెను. 1957లో ప్రభువుల సభ తీర్పు చెప్పుచు, అన్యదేశపు సర్కారు హక్కు చెప్పుకొను సొమ్ముపై ఆ దేశపు సమ్మతి లేక విచారణ సాగదని దావాను నిలిపివేసెను. రాయబారులకును, పరరాజ్యములకును ఉండు రక్షణ ఈ విధముగా ఒకనాటి రాజునకే అడ్డుగోడ యయ్యెను.

తరువాతి జీవితమున ఆయన రాజకీయపు టెత్తులకు పోలేదు. 1949 నవంబరు 23వ తేదీన భారత రాజ్యాంగమును హైదరాబాదునకు అన్వయించుకొనుచు ఫర్మానా వెలువరించెను. 1950 జనవరి 26 మొదలు 1956 అక్టోబరు 31 వఱకు హైదరాబాదు రాష్ట్రమునకు రాజప్రముఖుడుగా నుండెను. సొంత తపాలాబిళ్లలు, సొంత నాణెము, సొంత రేడియో ఒక్కొక్కటిగా చరిత్రలో కలసెను. కోఠీ రెసిడెన్సీలో ఆడపిల్లల కళాశాల నెలకొనెను. ఆంధ్రప్రదేశ్ అవతరణతో గోదావరి యిరుగట్టులును ఒక్క రాష్ట్రమునకు చెందెను. 1959లో భద్రాచలము ఖమ్మము జిల్లాలో చేరెను. వంద యేండ్లుగా నదిని చీల్చిన గీత ఆ విధముగా చెఱగిపోయెను. 2014లో చుట్టుపట్ల మండలములు కొన్ని ఆంధ్రప్రదేశ్‌లో కలసి, భద్రాచలము పట్టణము తెలంగాణములో నిలిచి, సరిహద్దు మరల దాపునకు వచ్చిన సంగతి నేటి పాఠకులకు క్రొత్త కాదు.

ఉస్మాన్ అలీఖాన్ 1967 ఫిబ్రవరి 24వ తేదీన కింగ్‌కోఠీ భవనమున కన్నుమూసెను. అంత్యయాత్రకు జనము సముద్రమువలె వచ్చెను. కింగ్‌కోఠీ యెదుట నున్న జూడీ మసీదులో ఆయనను ఖననము చేసిరి. లండను సొమ్ము అప్పటికిని బ్యాంకులోనే యుండెను. యజమాని పోయెను, ఆదేశమిచ్చిన మంత్రి పోయెను, పుచ్చుకొన్న హైకమిషనరు పోయెను. వడ్డీ మాత్రము పెరుగుచుండెను. 2013లో పాకిస్తాను తానే దావాకు దిగుటచే పాత అడ్డుగోడ తొలగెను. 2019 అక్టోబరు 2వ తేదీన ఇంగ్లండు ఉన్నత న్యాయస్థానపు న్యాయమూర్తి మార్కసు స్మిత్, ఆ సొమ్ముపై హక్కు నిజాము వారసులకును, భారత ప్రభుత్వమునకును కలదని తీర్పు చెప్పెను. అప్పటికది సుమారు మూడున్నర కోట్ల పౌనులకు పెరిగియుండెను.

1948 సెప్టెంబరు 27వ తేదీన పంపిన ఆ చిన్న వర్తమానమునకు జవాబు వచ్చుటకు డెబ్బదియొక్క సంవత్సరములు పట్టెను. పంపినవాడు అప్పటికి సమాధిలో అర్ధశతాబ్దముగా నిద్రించుచుండెను. తీగెలును, సంకేతలిపులును, ఏజెంటు జనరలులును నిలుపలేని నమ్మకమును భద్రాద్రిపై ఏటేటా ముత్యాల తలంబ్రములు నిలుపుకొన్నవి. ఆ మర్యాదను నేడు ప్రజలెన్నుకొన్న ప్రభుత్వము నడపుచున్నది. కల్యాణ మండపమున ఆ పళ్లెరము దిగినప్పుడు, ఇది ఎవరి మాటయని అడుగువారు నేటికిని లేరు.